ఈమధ్య ఏం చదివారు? నచ్చని మనిషి మీద రాసిన నవలని చివరిదాకా చదవగలరా?

నీలిసిరా

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఇప్పుడే పూర్తి చేశాను. పెద్ద పుస్తకమేం కాదు, అయినా ఏకబిగిన చదవడం నా వల్ల కాలేదు, నాలుగు పేజీలు చదవడం, సీతారామారావు మీద ఒళ్ళు మండి పక్కన పెట్టేయడం, మళ్ళీ ఉండబట్టలేక తీయడం, ఇలాగే సాగింది. తండ్రి పోతూపోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమంటాడు. ఇతను ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నదంతా కరిగిస్తాడు, అడ్డం వచ్చిన మేనమామతో గొడవ పడతాడు, తీరా చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాక ప్రపంచమే తనకి అన్యాయం చేసిందని తేల్చేసుకుని ఆ కసి భార్య మీద తీర్చుకుంటాడు. అతనిలో నాకు నచ్చిన గుణం ఒక్కటి కూడా లేదు. కానీ నవల చాలా నచ్చింది. అతను తనకి తాను చెప్పుకునే కారణాలు ఉన్నాయి చూశారా, ప్రతి తప్పుకీ ఒక సిద్ధాంతం, ప్రతి పిరికితనానికీ ఒక తత్వం, అవి చదువుతుంటే ఇలాంటి తర్కం నేనూ ఎక్కడో విన్నాను కదా అనిపిస్తూనే ఉంటుంది.

మీరేం చదివారో రాయండి. పుస్తకం పేరు, బాగుంది అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఏది పట్టేసింది, ఎక్కడ విసుగొచ్చింది అనేది కూడా చెప్పండి.

చందు

నేను ఆ పుస్తకం సగంలో ఆపేశాను, ఆపినందుకు బాధ కూడా లేదు. పనంతా అయ్యాక రోజులో నాకు దొరికేదే కాస్త టైమ్, ఆ టైమ్‌ని భార్యని కొట్టే మనిషి పక్కన కూర్చుని అతని ఆలోచనలు వినడానికి ఎందుకు పెట్టాలి? రచయిత గొప్పగా రాశాడు, ఒప్పుకుంటాను, అంతమాత్రాన నేను చదివి తీరాలని లేదుగా.

నేను ఈమధ్య చదివింది కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఇక్కడా మనిషి పేదవాడే, ఒంటరివాడే, చేతిలో ఏమీ లేనివాడే. కానీ ఏం మనిషండీ! పందుల్ని మేపుకునే ఒక ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందలోంచి తప్పిపోతే దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. కథంతా ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఆ ముసలాయనకి పేరు కూడా పెట్టలేదు రచయిత. చీకటి, నక్కలు, పిల్లల్ని కాపాడుకోవడానికి యజమాని మీదికే తిరగబడే తల్లిపంది, వీటన్నిటి మధ్య ఆయన ఒక్కో క్షణం ఏం చెయ్యాలో ఆలోచిస్తూ ఉంటాడు. భయం లేక కాదు, భయపడుతూనే చేస్తాడు. ఊపిరి బిగబట్టి చదివాను. ముగింపు చెప్పను, చదవనివాళ్ళు ఉంటారు.

అరుణరేఖ

చందూ, నువ్వు చెప్పిన పుస్తకం నాకూ ఇష్టమే, కానీ ఆ పోలిక సరిగ్గా కుదరలేదనిపిస్తోంది. ముసలాయన ముందున్న కష్టం బయటిది, కళ్ళకి కనిపిస్తుంది, నక్క వస్తే కర్ర తీయాలి. సీతారామారావు కష్టం లోపలుంది, దానికి కర్ర తీయడమెలాగో అతనికి తెలియదు. రెండూ రాయదగ్గ విషయాలే.

నా వంతుకి, డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు కాలేజీలో ఉన్నాను, కల్యాణి నచ్చింది అప్పుడు. నెమ్మదైన పిల్ల, చదువుకుంటుంది, కష్టాలు పడుతుంది, మంచిగా ఉంటుంది, చివరికి మంచివాడు దొరుకుతాడు. ఇందిర గయ్యాళిలా, స్వార్థపరురాలిలా అనిపించింది. ఇప్పుడు చదివితే పుస్తకమంతా ఇందిరదే! తాగుడికి అలవాటుపడిన తండ్రిని ఉద్యోగం చేసి పోషిస్తూ, ఎవరి జాలీ కోరకుండా, తనకేం కావాలో మొహమాటం లేకుండా చెప్పే అమ్మాయి. ప్రకాశం లాంటి వెన్నెముక లేని కుర్రాడు తన చేతిలోంచి జారిపోతే కూర్చుని ఏడవదు, వాడి విలువెంతో లెక్కేసుకుని ముందుకి నడుస్తుంది. 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది, అప్పట్లో ఇలాంటి నాయికని రాసి, ఆవిడకి శిక్ష వెయ్యకుండా వదిలేయడం మామూలు ధైర్యం కాదు. రచయిత్రి స్వయంగా డాక్టరు, రాసింది ఈ ఒక్క నవలే, ముప్ఫై దాటిన కొద్ది కాలానికే 1961లో పోయారు. ఆవిడ ఇంకో ఇరవై ఏళ్ళు బతికి రాసుంటే ఏమయ్యేదో అని ఎప్పుడూ అనుకుంటాను.

ఇందిర కూడా నచ్చని మనిషే చాలామందికి. మా చదువరుల గుంపులో ఆవిడ పేరెత్తితే చాలు రెండు వర్గాలైపోతాం.

వేపచెట్టు

గోపీచంద్ గారి గురించి ఒక మాట. ఆయన త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కొడుకు. పురాణాల్ని నిలదీసి, పాత నమ్మకాల్ని ప్రశ్నిస్తూ రచనలు చేసిన మనిషి రామస్వామి గారు. 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు అంటూ ఈ నవలని గోపీచంద్ తండ్రికే అంకితమిచ్చారు. ఇప్పుడు దాన్ని కథ పక్కన పెట్టి చూడండి. సీతారామారావుకి అతని తండ్రి ఇచ్చింది ఏమిటి? ప్రతిష్ఠ నిలబెట్టమన్న ఆజ్ఞ. ఎందుకు నిలబెట్టాలి, ఎవరి కోసం, దేంతో అని ఆ కొడుకు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగే అలవాటున్న తండ్రికి పుట్టిన రచయిత, అడగని కొడుకు కథ రాసి తండ్రికిచ్చాడు. అంకితం చదవకుండా పేజీ తిప్పేసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఈ పుస్తకానికి మాత్రం ఆ పని చెయ్యకండి.

ఇంకొకటి. ఆ రోజుల్లో గోపీచంద్ గారు హేతువాద ఆలోచనాపరుడు ఎం.ఎన్. రాయ్ భావాలతో బాగా దగ్గరగా ఉన్నారు. మనిషి హేతుబద్ధంగా ఆలోచించగలడు, తన జీవితాన్ని తాను దిద్దుకోగలడు అని నమ్మిన కాలం. అలాంటి నమ్మకమున్న వ్యక్తి, ఆలోచన ఉండి కూడా దిద్దుకోలేని మనిషి లోపలికి అంత దూరం వెళ్ళడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. సీతారామారావుకి బుర్ర లేక కాదు కదా, చాలా ఉంది, అదంతా తనని తాను సమర్థించుకోవడానికే ఖర్చయిపోయింది. నవలలో రామయ్య తాత అనే పెద్దాయన ఒక్కో మాటకీ ఒక్కో ముడి విప్పుతుంటే ఇతను వింటాడు, అర్థం చేసుకుంటాడు, మళ్ళీ తన దారినే పోతాడు. ఆ సంభాషణలున్న భాగాన్ని నేను ఎన్నిసార్లు చదివానో.

చందు గారూ, సగంలో ఆపారంటున్నారు, రామయ్య తాత దాకా వచ్చారా?

చందు

వచ్చాననే గుర్తు వేపచెట్టు గారూ. ఆ తాత మాటలు బాగానే ఉన్నాయి. నా ఇబ్బంది వేరు. సీతారామారావు భార్య, ఆవిడ పేరూ ఇందిరే, ఏమనుకుంటోంది? ఆ ఇంట్లో ఆవిడ ఎలా బతుకుతోంది? అతని బుర్రలో ఏం తిరుగుతోందో పేజీలకి పేజీలు తెలుస్తుంది గానీ, దెబ్బలు తినే మనిషి లోపలికి రచయిత వెళ్ళడే. నాకు అక్కడ ఊపిరాడలేదు.

మల్లిక

ఇందిర అంటే గుర్తొచ్చింది, మీరెవరైనా గమనించారా? 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు భార్య ఇందిర. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి భార్య ఇందిర. 'కాలాతీత వ్యక్తులు'లో నాయిక ఇందిర. మొదటి రెండూ 1940ల్లో మగవాళ్ళు రాసినవి, ఆ ఇద్దరు ఇందిరలూ భర్తల కథలో బాధపడటానికే వచ్చినట్టుంటారు. పదేళ్ళు దాటాక ఒక స్త్రీ రాసిన ఇందిర వచ్చి కథని తన చేతిలోకి తీసేసుకుంది. పేరు కలవడం యాదృచ్ఛికమే అయ్యుంటుంది, దానికేదో అర్థం అంటగట్టడం లేదు. కానీ ఈ మూడు పుస్తకాలూ వరసగా చదివితే ఆ తేడా మొహం మీద కొట్టినట్టు తెలుస్తుంది. నేను సరిగ్గా ఆ వరసలోనే చదివాను, చందు అడిగిన ప్రశ్న నాకూ మొదటి పుస్తకంలోనే వచ్చింది, మూడో పుస్తకంలో కొంత జవాబు దొరికింది.

పాతపుటలు

'చివరకు మిగిలేది' పేరొచ్చింది కాబట్టి నా అసంతృప్తి చెప్పేస్తాను, కోప్పడకండి. అందరూ గొప్ప నవల అంటారు, నేను శ్రద్ధగా, నోట్సు రాసుకుంటూ చదివాను, అయినా సగం పైన దయానిధి చుట్టూ తిరిగే ఆడవాళ్ళ జాబితా చదువుతున్నట్టే ఉంది. కోమలి, అమృతం, ఇందిర, కాత్యాయని, ఇంకా ఉన్నారు. ప్రతి ఒక్కరూ అతనికి ఏదో నేర్పడానికో, అతనిలో ఏదో కదిలించడానికో వస్తారు. వాళ్ళకంటూ ఒక రోజు, ఒక పని, ఒక చిరాకు ఉన్నట్టు కనిపించదు. పైగా పాత్రలు మాట్లాడుకుంటుంటే ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నట్టు కాకుండా రెండు వ్యాసాలు ఎదురెదురుగా నిలబడినట్టుంటాయి. తల్లి మీద లోకం వేసిన మచ్చ కొడుకుని జీవితాంతం వెంటాడటం అనే అసలు ఆలోచన చాలా బలమైనది. ఆ బలం అంతటా నిలబడలేదని నా ఫిర్యాదు.

మల్లిక

పాతపుటలు గారూ, ఇక్కడ మీతో గట్టిగా విభేదిస్తాను. అమృతాన్ని మీరు ఆ జాబితాలో కలిపేయడం అన్యాయం. నవలలో దయానిధికన్నా స్పష్టంగా ఆలోచించేది ఆవిడే, ఏడుపుని నవ్వులోకి మార్చి మాట్లాడే తీరు ఎంత సహజంగా ఉంటుందో మళ్ళీ ఒకసారి చూడండి. ఆవిడ వచ్చిన ప్రతి చోటా ఆ వ్యాసధోరణి మాయమవుతుంది.

ఇక భాష. బుచ్చిబాబు చిత్రకారుడు కూడా. ఆకాశం రంగు, నీళ్ళ మీద వెలుగు, సాయంత్రం చెట్ల నీడలు, ఇవన్నీ ఆయన వర్ణించేటప్పుడు కథ ఆగిపోయిందని నాకెప్పుడూ అనిపించలేదు. దయానిధి నోరు తెరిచి చెప్పుకోలేని సంగతులు ఆ వర్ణనల్లో ఉంటాయి. కథ ఏమైంది, తర్వాతేమైంది అని పరిగెత్తితే ఆ పుస్తకం చేతికి చిక్కదు. నేను రోజుకి కొన్ని పేజీలే చదివాను, అది నాకు కలిసొచ్చింది.

పాతపుటలు

అమృతం విషయంలో మీ మాటకి బలముంది మల్లిక గారూ, ఆవిడున్న అధ్యాయాలు మాత్రం మళ్ళీ చూస్తాను. మిగతావాళ్ళ గురించి నా అభిప్రాయం అదే.

రాత్రిపాఠకుడు

అసమర్థుల గురించి ఇంత మాట్లాడుకుని సుబ్బయ్యని మర్చిపోతే ఎలా? రావిశాస్త్రి 'అల్పజీవి' చదివి ఇంకా ఆ మత్తులోనే ఉన్నాను.

సుబ్బయ్య ఆఫీసు గుమాస్తా. పైవాడంటే భయం, కిందివాడంటే భయం, ఇంట్లో భార్య మాటంటే భయం, బావమరిది గట్టిగా చూస్తే భయం. ఆ బావమరిది కోసం ఒక కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకోవాల్సి వస్తుంది, అక్కణ్నుంచి మొదలవుతుంది టెన్షన్. కథగా చెప్తే ఇంతే, ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ భయాన్ని రాసిన తీరు! ఒక ఆలోచన పూర్తి కాకముందే ఇంకోటి తోసుకొస్తుంది, చిన్నప్పటి జ్ఞాపకం మధ్యలో దూరుతుంది, ఎదుటివాడు ఇంకా ఏమీ అనకముందే సుబ్బయ్య మనసులో వాడు నాలుగు తిట్లు తిట్టేసి ఉంటాడు. చైతన్యస్రవంతి అని విమర్శకులు దీనికి పేరు పెట్టారు, ఆ పేరు తెలియకపోయినా ఏ నష్టమూ లేదు, భయపడే మనిషి బుర్ర నిజంగా అలాగే పనిచేస్తుందని చదివే ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

చందూ, నీ ప్రశ్నకి నా జవాబు సుబ్బయ్యే. సీతారామారావు మీద నీకు కోపమొచ్చింది, సరే. సుబ్బయ్య ఎవర్నీ కొట్టడు, కొట్టలేడు. వాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా వాడితో ఉండటం ఇంకా కష్టం, ఎందుకంటే దూరంగా నిలబడి తీర్పు చెప్పే వీలు ఉండదు. ఆఫీసులో పైవాడు పిలిచాడనగానే కడుపులో ఏదో కదలడం నాకు తెలుసు, నీకూ తెలుసు, ఇది చదివే చాలామందికి తెలుసు. ఆ కదలికకి ఒక రచయిత అంత శ్రద్ధగా భాష ఇచ్చాడంటే, మనల్ని చిన్నచూపు చూడకుండా చూశాడని అర్థం. పేరులోనే అల్పజీవి అన్నాడు గానీ, పుస్తకంలో ఎక్కడా వాణ్ని అల్పంగా చూడలేదు.

నీలిసిరా

రాత్రిపాఠకుడు గారూ, చాలా బాగా చెప్పారు. గోపీచంద్‌కీ రావిశాస్త్రికీ నాకు కనిపించిన తేడా కూడా అక్కడే ఉంది. గోపీచంద్ తన మనిషిని నిలబెట్టి ప్రశ్నలు వేస్తాడు, ఇదిగో నీ తప్పు ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని. రావిశాస్త్రి మాత్రం సుబ్బయ్య పక్కనే నడుస్తుంటాడు. ఆయన వృత్తి లాయరు కదా, కోర్టుల్లో బెదిరిపోయి నిలబడ్డ మనుషుల్ని ఎంతమందిని చూసుంటారో.

అక్షరమాల

నమస్తే అందరికీ. నేను తెలుగు పుస్తకాలు చదవడం ఈమధ్యే మొదలుపెట్టాను, చదువంతా ఇంగ్లీషు మీడియం, అందుకని నెమ్మదిగా చదువుతాను. 'ఏడు తరాలు' పూర్తి చేశాను. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు. ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటేని బానిసగా పట్టుకుని ఓడలో వేసినప్పట్నుంచి ఆపలేకపోయాను. పేరు మార్చుకోమని కొడుతుంటే తన పేరే చెప్పే దృశ్యం మర్చిపోలేను. కానీ ఇది సంక్షిప్తమని తర్వాత తెలిసింది, అసలు పుస్తకం దీనికి చాలా రెట్లు ఉంటుందట. అప్పట్నుంచి నేను చదివింది ఆ పుస్తకమేనా కాదా అని ఒకటే సందేహం. మీరేమంటారు? ఇంకో ప్రశ్న, ఇక్కడ చెప్పుకుంటున్న పాత నవలల్లో నాలాంటివాళ్ళు దేంతో మొదలుపెట్టాలి?

వేపచెట్టు

స్వాగతం అక్షరమాల గారూ. సందేహం పెట్టుకోకండి. 1976లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం తెలుగులో ఇంత విస్తృతంగా చదవబడిందంటే కారణం సహవాసి గారే. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం ఆయన చాలా బాధ్యతగా చేశారు, వాక్యం ఎక్కడా అనువాదపు వాసన కొట్టదు. మా తరంలో ఎంతోమంది ఆ పుస్తకంతోనే చదవడం మొదలుపెట్టారు. పూర్తి పుస్తకం చదవాలనిపిస్తే ఇంగ్లీషులో చదవండి, దానివల్ల తెలుగులో మీరు పొందింది తగ్గిపోదు.

పాతపుటలు

వేపచెట్టు గారితో సగమే ఏకీభవిస్తాను. సహవాసి గారి తెలుగు అద్భుతం, అందులో రెండో మాట లేదు. అయితే సంక్షిప్తం అన్నప్పుడు ముందుగా పోయేది నిదానం. ఏమీ జరగని రోజులు, చిన్నచిన్న పనులు, ఊళ్ళో కబుర్లు. కుంటా ఊరి జీవితం ఎంత నిదానంగా సాగితే, దాన్నుంచి అతన్ని లాక్కెళ్ళినప్పుడు అంత దెబ్బ తగులుతుంది. అందుకే అక్షరమాల గారూ, ఇంగ్లీషు మీకు సులువు కాబట్టి కనీసం ఆ మొదటి భాగమైనా పూర్తిగా చదవండి.

అరుణరేఖ

అక్షరమాలా, మొదలుపెట్టడానికి నేనైతే 'కాలాతీత వ్యక్తులు' అంటాను. భాష తేలిక, సంభాషణలు ఎక్కువ, కథ ఆగదు. దాని ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది, అది ముందు చూసి నవల ఇలాగే ఉంటుందనుకోకండి. సినిమా చాలా సరదాగా ఉంటుంది, నవలలో ఇందిర అంత సరదా మనిషి కాదు.

నవల వద్దు, కథలతో మొదలుపెడతాను అంటే ఓల్గా 'విముక్త' తీసుకోండి. రామాయణంలో మనం పెద్దగా పట్టించుకోని స్త్రీలని సీత ఒక్కొక్కరిగా కలుస్తుంది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ అడవిలో తోట పెంచుకుంటూ బతకడం, ఆ తోటలోకి సీత పిల్లలు పూల కోసం వెళ్ళడం, అలా మొదలవుతుంది మొదటి కథ. గొడవపడాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకు ఇందులో అన్నిటికన్నా ఊర్మిళ కథ ఎక్కువ పట్టింది. పద్నాలుగేళ్ళు నిద్రపోయిందని కథలుగా చెప్పుకునే మనిషి ఆ పద్నాలుగేళ్ళూ ఏం ఆలోచించి ఉంటుంది అని అడగాలన్న ఊహే ఎంత గొప్పది! చందూ, నువ్వు అడిగావే, దెబ్బ తిన్న మనిషి లోపలికి రచయిత ఎందుకు వెళ్ళడని. ఈ పుస్తకం మొత్తం ఆ పనే చేసింది.

చందు

'విముక్త' చదివాను అక్కా, నాకూ చాలా ఇష్టం. చివర్లో రాముడి వైపు నుంచి కూడా ఒక కథ పెట్టడం ఇంకా నచ్చింది, 'బంధితుడు'. ఆవిడకి అన్యాయం చేసినవాడి లోపల ఏముందో కూడా చూపించాలనుకున్నారు.

రాత్రిపాఠకుడు

చందూ, ఇప్పుడు నువ్వన్నది మళ్ళీ ఒకసారి చదువు. అన్యాయం చేసినవాడి లోపల ఏముందో చూపించడం నచ్చిందన్నావు. సీతారామారావు దగ్గర అదే కదా వద్దన్నావు?

చందు

లేదన్నా, రెండూ ఒకటి కాదు. 'విముక్త'లో ఆ కథ దగ్గరికి వచ్చేసరికి సీత, ఊర్మిళ, అందరి మాటా విని ఉన్నాం. ఎవరికేం జరిగిందో తెలిశాకే రాముడి మాట వింటాం. 'అసమర్థుని జీవయాత్ర'లో వినిపించేది ఒక్క గొంతే. నేను వద్దంటున్నది చెడ్డవాడి లోపలికి వెళ్ళడాన్ని కాదు, వాడొక్కడి లోపలే మనల్ని పెట్టి తలుపేసేయడాన్ని.

వేపచెట్టు

బాగుంది చందు గారూ, ఇది గట్టి అభ్యంతరం. నేను కాదనను. కానీ ఒకటి ఆలోచించండి. ఆ తలుపు వేసింది సీతారామారావే. అతనికి వేరే మనిషి గొంతు వినిపించదు, అదే అతని జబ్బు. ఇందిర ఏమనుకుంటోందో పేజీలకి పేజీలు రాసుంటే పాఠకుడికి ఊపిరాడేది, కానీ ఆ మనిషి ఉన్న గది ఎంత ఇరుకో తెలిసేది కాదు. మీకు ఊపిరాడలేదన్నారు చూశారా, రచయిత అది కావాలనే చేశాడని నా నమ్మకం. చివరికి శ్మశానంలో అతను తనని తానే కొట్టుకునే దృశ్యం ఉంది, మీరు ఆపింది సగంలో కాబట్టి అక్కడి దాకా రాలేదు. అంతవరకూ బయటివాళ్ళ మీద పడిన చెయ్యి అక్కడ తన మీదికి తిరుగుతుంది. ఆ దృశ్యం లేకపోతే మీ అభ్యంతరం పూర్తిగా నిలబడేది.

మల్లిక

వేపచెట్టు గారూ, ముగింపు చెప్పేశారు! అక్షరమాల లాంటివాళ్ళు ఇంకా చదవలేదు.

అక్షరమాల

పర్వాలేదు మల్లిక గారూ. నిజానికి అది తెలిశాకే ఆ పుస్తకం చదవాలనిపిస్తోంది. అతను అక్కడిదాకా ఎలా వచ్చాడో చూడాలని ఉంది.

పాతపుటలు

ఒక ఇంటి లోపల, ఒక బుర్ర లోపల చాలాసేపు ఉండిపోయాం, కాస్త బయటికి వచ్చే పుస్తకం చెప్తాను. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'. సుందరం అనే కుర్రాడికి అక్షరాభ్యాసం చేయడంతో మొదలై, పెద్దవాడై ఉద్యోగం వెతుక్కునేదాకా వెళ్తుంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచి 1930ల దాకా మన సమాజంలో ఏమేం మారిందో అన్నీ అతని చుట్టూ కనిపిస్తాయి. సహాయ నిరాకరణ, ఖద్దరు, ఆర్థికమాంద్యం. సుందరం కూడా గొప్ప పనులేం చెయ్యడు, చాలావరకు చూస్తూ ఉంటాడు. కానీ కుటుంబరావు గారి వాక్యం చూడండి, ఎక్కడా గొంతు పెంచరు, ఒక్క విశేషణం అదనంగా వాడరు. బడిలో నేర్చుకున్నదేమిటి, బతుకులో అక్కరకొచ్చిందేమిటి అన్న ప్రశ్న ఎవరూ నోటితో అడగకుండానే పుస్తకమంతా నడుస్తుంది. అక్షరమాల గారూ, భాష విషయంలో భయపడేవాళ్ళకి నా సలహా ఇదే.

నీలిసిరా

'చదువు' నా దగ్గర ఉంది, ఇంకా తెరవలేదు, ఈ వారం మొదలుపెడతాను.

అక్షరమాల గారూ, ఇంకో చిన్న సాయం. పాత కథలు చదవాలనుంటే కథానిలయం వెబ్‌సైట్ చూడండి. కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం అది, పాత పత్రికల్లో వచ్చిన కథల పేజీలు స్కాన్ చేసి పెట్టారు. రచయిత పేరుతో వెతకొచ్చు. పుస్తకంగా రాని కథలు కూడా కొన్ని కనిపిస్తాయి. పత్రికలో వచ్చినప్పటి బొమ్మలతో, పక్కన ఆనాటి ప్రకటనలతో సహా చదవడం వేరే అనుభవం.

అక్షరమాల

చాలా థాంక్స్ అండీ అందరికీ. 'విముక్త' ముందు, తర్వాత 'కాలాతీత వ్యక్తులు', తర్వాత 'అసమర్థుని జీవయాత్ర' అనుకుంటున్నాను. మల్లిక గారి వరసకి సరిగ్గా తలకిందులు అవుతుందేమో.

మల్లిక

అలాగే చదవండి, నాకూ తెలుసుకోవాలని ఉంది. శ్రీదేవి ఇందిరని ముందు చూసినవాళ్ళకి గోపీచంద్ ఇందిర ఎలా కనిపిస్తుందో నేను ఊహించలేను, నాకా అవకాశం పోయింది. చదివాక ఆవిడ గురించే ముందు రాయండి.

చందు

నేనూ ఆపిన చోటు నుంచి తీశాను. వేపచెట్టు గారు చెప్పిన దృశ్యం దాకా చదువుతాను, అంతవరకూ నా అభిప్రాయం మార్చుకోను. ఒక్కటి మాత్రం ఇప్పుడే అడుగుతాను, 'అల్పజీవి'లో సుబ్బయ్య భార్య సావిత్రి గొంతు వినిపిస్తుందా రాత్రిపాఠకుడు అన్నా, లేక అక్కడా తలుపు వేసే ఉందా?

రాత్రిపాఠకుడు

వినిపిస్తుంది, కానీ సుబ్బయ్య చెవుల్లోంచే. ఆవిడ విసుక్కున్న ప్రతి మాటా వాడికి రెట్టింపు గట్టిగా వినపడుతుంది, అందుకని ఆవిడ నిజంగా ఎంత కోపంగా అన్నదో మనకి ఎప్పటికీ కచ్చితంగా తెలియదు. నువ్వు చదివేటప్పుడు ఆవిడ మాటల్ని మాత్రం విడిగా, వాడి భయం పక్కన పెట్టి చదివి చూడు. నాకైతే చాలాచోట్ల అలసిపోయిన మనిషి మాటల్లాగే వినిపించాయి.